బాపు చెట్టు దిగిన వేళ

కోరుట్లలో మా బిడ్డ రజిత ఇంట్లో ఆ పొద్దున నా ప్రాణం సగం పోయింది. సగం అంటే ఎక్కువేమో, కొంత పోయిందనుకోండి. నేను సిరిసిల్ల నుంచి ముందురోజు సాయంత్రమే వచ్చాను. సిరిసిల్లలో మా ఇంటికి అటూ ఇటూ మరమగ్గాలే. ఆ చప్పుడులో ఏళ్లకేళ్లు పడుకున్నవాడికి కోరుట్ల నిశ్శబ్దంలో నిద్ర పట్టదు. తెల్లవారబోతుంటే కన్ను అంటుకుంది. అంటుకున్న కాసేపటికే దిండు కింద ఫోన్ మోగింది. మస్కట్ నుంచి అల్లుడు. పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కేముందు కూతురికి ఫోన్ చేసి, దాని మొహం చూసి, ఏం తిన్నవు, ఏం చదివినవు అని అడిగి గానీ అతను పనిలోకి పోడు. పిల్ల బడికి పోయే నాటి నుంచి అదే అలవాటు. నాకు ఎప్పుడూ చేయడు. చేశాడంటేనే నాకు అర్థమైపోవాల్సింది.

"మామా, అఖిల ఫోన్ ఎత్తుతలేదు. రజిత గూడ ఎత్తుతలేదు. జర లేసి సూడు."

లేచి చూశాను. అఖిల నా మనవరాలు, డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉంటున్న పిల్ల. దాని మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మడత పెట్టి ఉంది. వీధి తలుపు గడియ తీసి ఉంది. జీవితమంతా ఉన్నదానికి లేనిది కలిపి చెప్పిన నేను, కలపవలసిన ఆ ఒక్కసారి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"పిల్ల లేదు."

అటు నుంచి ఎవరో తోటి పనివాడు "ఏమైందన్నా, ఏమైంది" అంటున్నది వినపడింది. స్నానాల గదిలోంచి తడి జుట్టుతో రజిత వచ్చి, నా మొహం చూసి, ఖాళీ మంచం చూసి, గోడ పట్టుకుంది. పక్కింటివాళ్లు గేటు దగ్గరికి వచ్చారు. ఒకాయన చెప్పులేసుకోకుండానే బస్టాండు వైపు పోయాడు. ఫోన్ ఇంకా నా చేతిలోనే ఉంది, అందులో అల్లుడు ఎక్కడో ఎడారిలో మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. సరిగ్గా అప్పుడు గేటు తోసుకుని అఖిల ఉరుకుతూ లోపలికి వచ్చింది. చెమటకు తడిసిన చొక్కా, ఎర్రబడ్డ మొహం, వేలాడుతున్న జడ.

"ఎవలు ఎంటవడ్డరే?" అంది రజిత.

అఖిల కూడా వెనక్కి తిరిగి చూసింది, నిజంగానే ఎవరైనా వస్తున్నారేమోనని.

"ఎవ్వలు లేరమ్మా. ఉరుకుడు ప్రాక్టీస్ చేద్దామని పోయిన. కానిస్టేబుల్ సెలెక్షన్ ఉన్నది గద. ఫోన్ జేబుల సైలెంట్‌ల ఉన్నది."

ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరు ఎవరిని ఎంతసేపు తిట్టారో చెప్పను. అల్లుడు ఫోన్‌లో ఏడ్చాడు, పిల్లను చూసి నవ్వాడు, బస్సు పోయిందని మళ్లీ దిగులుపడ్డాడు. అంతా సద్దుమణిగాక అఖిల నా పక్కన కూలబడింది.

"నువ్వే చెప్పు తాతా. పొద్దుగాల పోతె డాడీ ఫోన్. పొద్దుమీకి పోతె సందుకో కుక్క. వీడియోలల్ల ఒకలేమొ పొద్దుగాలనే మంచిదంటరు, ఒకలేమొ సాయంత్రమే మంచిదంటరు. నువ్వు గూడ సెలెక్షన్‌కు ఉరికినవంట గద. ఏ టైంల ఉరికినవ్?"

"నాకు టైం ఎందుకే? మల్యాల నుంచి కొండగట్టు దాక నేను ఉరికితె బస్సు ఎనుకవడేది. కోతులు లేసి దారి ఇచ్చేటియి."

బస్సు వెనకపడ్డ మాట నిజమే. అది మల్యాలలో టైరు మార్చుకుంటూ ఉంది. కోతులు నాకే కాదు, చేతిలో కొబ్బరిచిప్ప లేని ఎవరికైనా దారి ఇస్తాయి. కానీ పిల్ల అడిగిన మాట నన్ను వదల్లేదు. రోజులో ఏ వేళ ఉరకాలి? ఆ ప్రశ్నకు జవాబు వెతకబోయి ఒకప్పుడు నేను మా ఊరు ఊరంతటికీ గుండె ఆగేంత పని చేశాను.

మా ఊరు మల్యాలకు దగ్గర. మాది కల్లు గీసే ఇల్లు. పొద్దు పొడవకముందే మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, ముస్తాదు భుజాన వేసుకుని తాటివనానికి పోయేవాడు. ముస్తాదు అంటే చెట్టెక్కే సరంజామా మొత్తం: నడుముకు చుట్టుకునే మోకు, కాళ్లకు వేసుకునే తాడు, కత్తులు. అది మా ఇంట్లో దేవుని పటం పక్కనున్న కొయ్యకు వేలాడేది. ఇల్లంతా దాని వాసనే, చెమటా నారా పులిసిన కల్లూ కలిసిన వాసన. చిన్నప్పుడు జ్వరమొస్తే ఆ కొయ్య కింద పడుకుంటే తగ్గుతుందని నేను నమ్మేవాణ్ని. బాపు ఎదమీద చెట్టు రాసుకుని రాసుకుని నల్లగా కాయ కాసింది. మాటలు తక్కువ మనిషి. ఇంట్లోకి వస్తుంటే సందు మొదట్లో ఒకసారి దగ్గేవాడు. ఆ దగ్గు వినపడేదాకా మా అవ్వ, నన్ను కన్నతల్లి, వీధివైపు చెవి పెట్టుకునే పనిచేసేది. మక్కజొన్న గట్క కలిపేది, వాకిట్లో పేడనీళ్ల సాన్పి చల్లేది, బర్రె పాలు పితికేది, కానీ ఆమె అక్కడ ఉండేది కాదు. దగ్గు వినపడగానే ఆమె భుజాలు దిగేవి. అప్పుడే మాతో మొదటి మాట మాట్లాడేది. ప్రతి పొద్దూ అంతే.

దానికి కారణం ఉంది. అవ్వ తమ్ముడు, మా మేనమామ, తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు. బతికాడు గానీ నడుము పోయింది. మంచం మీదే ఉండి, ఎవరైనా వస్తే తల తిప్పి చూసేవాడు. ఆయన్ను చూసి వచ్చిన రోజున అవ్వ, నా కొడుకు చెట్టెక్కడు అంది. బాపు ఏమీ అనలేదు. కానీ వచ్చే కారుకు, అంటే మళ్లీ కల్లు గీసే కాలానికి, నన్ను తయారు చేయాలని నా నడుముకు సరిపోయే కొత్త మోకు పేని, అదే కొయ్యకు తగిలించాడు. అలా రెండు మోకులు వేలాడుతున్న రోజుల్లో జగిత్యాలలో పోలీసు సెలెక్షన్లు అన్నారు. ఎత్తు సరిపోయింది, చదువు సరిపోయింది. మిగిలింది ఒక్కటే, దూరం ఉరకడం. నాకు అదే రాదు. బర్రెను మళ్లేసే లోపే ఆయాసపడేవాణ్ని. ఉరికి నెగ్గితే పోలీసు, నెగ్గకపోతే కొయ్యకున్న కొత్త మోకు నాది. ఇంట్లో ఎవరూ ఈ మాట పైకి అనలేదు, అందరికీ తెలుసు.

సరే, ఉరకాలంటే పొద్దున్నే ఉరకాలని ఎవరో చెప్పగా విన్నాను. చల్లగా ఉంటుంది, దారి ఖాళీగా ఉంటుంది. నేను ఆలోచించనిది ఒకటే. మా ఊళ్లో ఎవరూ ఉరకరు. బస్సు కోసం కూడా ఉరకరు. చేయెత్తి పిలిస్తే డ్రైవరే ఆపుకుంటాడు. పెద్దవాళ్లు ఉరికేది ఒక్కదానికే, చావు కబురు తేవడానికి. అందులోనూ పొద్దున్నే, వనం వైపు నుంచి, కల్లుగీత ఇంటి పిల్లవాడు ఊళ్లోకి ఉరుకుతూ వస్తే దానికి ఒకటే అర్థం. ఇది నాకు తెలియక కాదు. నాకు కనపడింది నా ఆయాసమే.

ఇంటి నుంచి వనం దాకా బాగానే పోయాను. తిరిగి వస్తుంటే ఊరి మొదట్లోనే ఊపిరి అందలేదు. లచ్చవ్వ వాకిట్లో సాన్పి చల్లుతోంది. మా అవ్వకు నేస్తురాలు, నోరున్న మనిషి. నన్ను చూసి బకెట్ కింద వదిలేసింది.

"ఎవలురా? ఏ చెట్టు?"

ఏమీ లేదు, ప్రాక్టీస్ అని చెప్పాలి. నోట మాట రావడం లేదు. ఏం లేదు, నీ పని చూసుకో అన్నట్టు చేయి వెనక్కి విసిరాను. ఆ చేయి వనం వైపు చూపింది.

లచ్చవ్వ అరిచిన అరుపుకు ఊళ్లో తెరవని తలుపు లేదు. నేను సందు మలుపు తిరిగేసరికి అవ్వ ఎదురొచ్చింది. నా మొహంలోకి చూడలేదు, ఏమైందని అడగలేదు. ఆగమని నేను రెండు చేతులూ చాపితే వాటి మధ్యలోంచి పోయింది. కాళ్లకు చెప్పుల్లేవు, ఒక చేతికి పిండి. నేను వెనక్కి తిరిగి ఆమె వెంట ఉరికాను. అది చూసినవాళ్లకు ఉన్న కాస్త అనుమానం కూడా పోయింది. ఊరంతా వనానికి ఉరికింది. నడవలేని ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, నిన్న మా బాపుతో గట్టు దగ్గర కొట్లాడినవాడు కూడా. నేను అవ్వా అవ్వా అని అరుస్తున్నాను, ఆ అరుపు నాకే చావు ఇంటి అరుపులా వినపడింది. ఆ గుంపులో నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఒకటుంది. ఎవరూ చెప్పకుండానే నలుగురు ఒక నులక మంచం తెచ్చారు. పడ్డవాణ్ని మోసుకురావడానికి.

బాపు తాటిచెట్టు మీద పైన ఉన్నాడు. హాయిగా గీసుకుంటున్నాడు. కింద చప్పుడుకు వంగి చూశాడు. ఊరంతా కనపడింది. ముందు తన భార్య, వెనక తన కొడుకు, ఆ వెనక మంచం.

"ఎవలికి ఏమైందే?"

కింద అందరూ తలలెత్తి ఆయన్నే చూస్తున్నారు. అవ్వ ఉన్నచోటనే కూర్చుండిపోయింది. ఆమె కూర్చోవడం చూసి బాపు, ఇంట్లో తన తల్లికే ఏదో అయిందనుకున్నాడు. ఎన్నడూ తొందరపడని మనిషి తొందరపడ్డాడు. సగం దిగాక మోకు జారింది. చెట్టును కావలించుకుని ఎద గీరుకుంటూ కిందికి జారి, నేల మీద నిలబడ్డాడు. రక్తం కారుతోంది. చేతిలో కత్తి పట్టుకునే ఉన్నాడు.

"మంచం ఎందుకు తెచ్చిండ్రు?"

మంచం తెచ్చినవాళ్లు లచ్చవ్వను చూశారు. లచ్చవ్వ నన్ను చూసింది.

"ఎందుకు ఉరికినవ్‌రా?" అన్నాడు బాపు.

"ప్రాక్టీస్, బాపూ."

"అంటే?"

"ఊకెనే."

"ఊకెనే ఉరికినవా?"

మనిషి ఊరికే ఉరుకుతాడనే సంగతి ఆ రోజే మా ఊరు మొదటిసారి విన్నది. తర్వాత లచ్చవ్వ నవ్వింది, ఎవరో నన్ను వీపు మీద ఒకటి వేశారు, వచ్చినవాళ్లు వచ్చినట్టే ఉండి దింపిన కల్లంతా తాగిపోయారు. తెచ్చిన మంచం ఖాళీగా తీసుకుపోవద్దని నన్ను దాని మీద పడుకోబెట్టి ఊరేగించారని మా పిల్లలకు ఎప్పుడూ చెబుతుంటాను. అది నేను కలిపింది. మంచాన్ని చెట్టుకు ఆనించి పోయారు, ఎవరికీ దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు. అవ్వ మాత్రం మంచం వైపు చూడకుండా, కొంగుతో బాపు ఎద మీది రక్తం తుడిచింది.

పొద్దున పనికిరాదని తేలింది. మిట్టమధ్యాహ్నం ఎవరూ బయట ఉండరు కదా అని ఒకరోజు ఎండలో ఉరికాను. బాయి గడ్డ దగ్గర కళ్లు తిరిగి పడ్డాను. మా బాపమ్మ, అంటే బాపు తల్లి, నేను ఎండకు పడ్డానంటే నమ్మలేదు. మధ్యాహ్నం గాలి సోకిందని మిరపకాయలూ ఉప్పూ తిప్పి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు దగ్గి దగ్గి, ఉరికినప్పటికంటే ఎక్కువ ఆయాసపడ్డాను. సాయంత్రం అనుకున్నాను. ఆ వేళ దారంతా పశువుల దుమ్ము, పక్కన కల్లు తాగే మండువ.

"ఏంరా రాజేశం, ఎవల బర్రె తప్పిపోయింది?"

"బర్రె కాదు, వాళ్ల బాపు మల్ల పడ్డడట. మంచం అందుకోండ్రి."

ఒకాయన లేచి, చేతిలో కల్లు ముంత ఒలకకుండా నా పక్కన కొంత దూరం ఉరికాడు. నన్ను దాటి పోయాడు కూడా. ఈ సంగతి ఇప్పటిదాకా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఇక మిగిలింది చీకటి పడే వేళ. ఊరి బయట తుమ్మల పక్క దారి, ఎవరూ ఉండరనుకున్నాను. లచ్చవ్వ ఎదురొచ్చి నా చెవి పట్టుకుంది. ఈసారి అరవలేదు, మెల్లగా చెప్పింది.

"గీ దిక్కు మొగోళ్లు రారు. తెల్లారకముందు, గిప్పుడు, మాకున్నయే గా రెండు గడియలు. నువ్వు ఉరుక్కుంట అస్తె ఆడోళ్లు ఎటు పోవాలె? పొద్దంత ఓర్సుకోని కూసున్నరు."

నాకు మొహం చెల్లలేదు. ఆ ఊళ్లో పుట్టి పెరిగాను. మా అవ్వ కూడా రోజూ ఆ దారినే పోతుంది. మరుగుదొడ్డి లేని ఊళ్లో పొద్దంతా ఆడవాళ్లు బిగబట్టుకుని చీకటి కోసం చూస్తారన్న సంగతి ఒక్కనాడు కూడా నా తలలోకి రాలేదు. చావుకబురు భయం కంటే ఇది నన్ను ఎక్కువ కొట్టింది. రోజులో ఖాళీ వేళ ఒకటి ఉంటుంది, అది వెతికి పట్టుకోవాలి అనుకున్నాను. ఖాళీ వేళ లేదు. ప్రతి గడియా ఎవరిదో ఒకరిది. దాన్ని వాళ్లు ఏదో ఒక కష్టం మీద సంపాదించుకున్నారు.

ఇంట్లో చెప్పలేదు, ఉరకడం మానేశాను. అవ్వ నన్ను అడగలేక కొయ్యకున్న కొత్త మోకు వైపు చూసేది. కొన్ని రోజులయ్యాక బాపు ఎద మీద పసుపు రాసుకుంటూ, నా వైపు తిరగకుండానే అన్నాడు.

"నేను మల్యాలకు కల్లు ఏస్కపోతగద. సైకిల్ ఎనుక ఉరుకు."

"ఎందుకు బాపూ?"

"నేను ముంగట కనవడ్తె ఎవలు బుగులువడరు."

అదీ సంగతి. నాకు కావలసిన వేళ పొద్దునా సాయంత్రమా అన్నది కాదు. బాపు చెట్టు దిగి, నేల మీద, అందరి కళ్ల ముందు ఉన్న వేళ. అప్పటికి ఎండ ఎక్కేది. ఉరకడానికి అంతకంటే పాడు సమయం ఉండదని ఇప్పటి వీడియోల వాళ్లు ఒట్టేసి చెబుతారు. సైకిల్‌కు అటూ ఇటూ వేలాడే కల్లు కుండలు, వాటి మూతల్లోంచి పొంగే నురగ, ఆ పులుపు వాసన, చక్రం లేపే దుమ్ము నా నోట్లో. లచ్చవ్వ వాకిట్లోంచి ముందు బాపును చూసేది, ఆ తర్వాత నన్ను చూసేది, మళ్లీ చీపురు పట్టుకునేది. మండువ దగ్గరివాళ్లు కూడా కొన్నాళ్లకు అలిసిపోయి ఊరుకున్నారు. బాపు ఎన్నడూ వెనక్కి తిరగలేదు. కానీ నా ఊపిరి చప్పుడు దూరమైతే సైకిల్ మెల్లగా అయ్యేది. చివరి రోజుల్లో సైకిల్‌ను దాటిపోయానని చెప్పుకుంటాను. నిజమే, ఒకసారి చైన్ ఊడిపడింది.

సెలెక్షన్ రోజు అవ్వ పెరుగన్నం పెట్టి బస్సు ఎక్కించింది. బాపు ముస్తాదు వేసుకుని వనానికి పోవడం నా కళ్లతో చూశాను. గీసే చెట్టును రోజూ గీయాలి, ఒక్కపూట వదిలేసినా కోత ఎండిపోతుంది. నా పెళ్లినాడు కూడా ఆయన పొద్దున గీసి వచ్చాకే బాసింగం కట్టించాడు. అది తర్వాతి మాట.

జగిత్యాల మైదానంలో ఎండ పేలిపోతోంది. మమ్మల్ని వరుసగా నిలబెట్టి ఈల వేశారు. మైదానం చుట్టూ తిరగాలి. నేను ముందు లేను, వెనకా లేను, మధ్యలో కుదురుగా ఉన్నాను. ముందు సైకిల్ ఉందనుకుని ఉరుకుతున్నాను. ఊపిరి నిలకడగా ఉంది. ఆఖరి చుట్టు మొదలైంది, ఇక పోయేది లేదు, నెగ్గినట్టే అనుకున్నాను. అప్పుడు గోడ పక్కన బాపు కనపడ్డాడు.

సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. కుండలు లేవు. చొక్కా తొడుక్కున్నాడు. మా బాపు చొక్కా తొడిగేది పెళ్లికి, చావుకు. చెట్టు మీద ఉండవలసిన మనిషి, చెట్లు వదిలేసి, చొక్కా తొడుక్కుని, ఇంతదూరం సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడంటే నాకు ఇంకో ఆలోచన రాలేదు. కళ్ల ముందు నులక మంచం కనపడింది. దాని మీద అవ్వ. గీసిన గీత, ఈల, పక్కన ఉరికేవాళ్లు, అన్నీ పోయాయి. వరుస వదిలేసి అడ్డంగా మైదానంలోంచి ఆయన దగ్గరికి ఉరికాను. అంత వేగంగా నేను మళ్లీ ఎన్నడూ ఉరకలేదు. ఈ ఒక్క మాటలో ఏమీ కలపలేదు.

"ఎవలు బాపూ?"

"ఏంది ఎవలు?"

"అవ్వనా? బాపమ్మనా?"

బాపు నన్ను చూశాడు, నా వెనక మైదానాన్ని చూశాడు. ఆయన మొహంలో రంగు పోయింది.

"ఎవ్వలికేం కాలేదురా. రోజు నేను ముంగట ఉంటి, నువ్వు ఎనుక ఉంటివి. నువ్వు ఉరుకంగ నేను ఎన్నడు సూడలే. ఒక్కసారి సూద్దామని అచ్చిన. ఉరుకు, ఉరుకు."

వెనక ఈల వినపడింది. నా వెంట ఉన్నవాళ్లంతా గీత దాటి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఒగురుస్తున్నారు.

సైకిల్ వెనక కూర్చుని ఇంటికి వచ్చాను. మల్యాల దాటాక బాపు ముందుకే చూస్తూ, "చెప్పి రావాల్సుండె" అన్నాడు. అంతే. ఆ పూట గీయని చెట్లలో కొన్ని మళ్లీ కుదురుకున్నాయి, కొన్ని ఎండిపోయాయి. గీసే కారు మళ్లీ మొదలైంది. అవ్వ కొయ్య వైపు చూడడం మానేసింది, చూస్తే ఎక్కడ బాపు దాన్ని నా చేతికి అందిస్తాడోనని. బాపు ఒకరోజు కొత్త మోకు తీశాడు. దులిపాడు. తన నడుముకే చుట్టుకుని, సరిపోకపోతే ఇంకో మూర కలిపి పేనుకున్నాడు. "మల్ల సెలెక్షన్ ఎప్పుడట?" అని అడిగి వనానికి పోయాడు. నేను మళ్లీ సైకిల్ వెనక ఉరకడం మొదలుపెట్టాను.

ఇదంతా వింటూ అఖిల చెమట తుడుచుకోవడం మరిచిపోయింది. "ఆగకుంట గీత దాటినంక అడుగచ్చు గద తాతా" అంది. ఆ పిల్లకు అది ఎంత తేలికగా తోచిందో చూసి నేను నోరు తెరిచాను. ఇన్నేళ్లలో ఆ ఆలోచన నాకు ఒక్కసారీ రాలేదు. తెల్లారి దాని వెంట కోరుట్ల బైపాస్ దాకా పోయి చూశాను. వాళ్ల డాడీతో మాట్లాడి, అతను బస్సు ఎక్కాడని నమ్మకం కుదిరాక, ఎండలోనే ఉరుకుతోంది. దారిలో ఇంకెంతో మంది ఉరుకుతున్నారు, ఆడపిల్లలు, బొజ్జలున్న వ్యాపారులు, నా వయసు ముసలివాళ్లు. వాకిళ్లు ఊడ్చేవాళ్లు తల కూడా ఎత్తలేదు. ఉరికే మనిషిని చూసి ఒక్క గుండె కూడా ఆగని ఊరు ఉంటుందని మా అవ్వకు చెబితే నమ్మేది కాదు. ఆ భయం ఇప్పుడు ఫోన్‌లోకి పోయింది, ఎత్తకపోతే బయటికి వస్తుంది. ఫలితం కూడా అందులోనే వస్తుందట. అఖిల మైదానం దాటకముందే రజితకూ, మస్కట్‌లో అల్లుడికీ ఒకేసారి తెలిసిపోతుందట. మంచిదే. కానీ నాకు రెండోసారి దొరికినది దానికి దొరకదు.

రెండోసారి సెలెక్షన్‌కు అవ్వ బాపుతో ఒట్టు వేయించుకుంది, చెట్టు దిగినా ఊరు దాటనని. నేను నెగ్గాను. మొదటివాడిగా వచ్చానని మా ఇంట్లో అందరూ అనుకుంటారు, అలా అనుకోవడానికి నేనే కారణం. తోక దగ్గర ఉన్నాను, అయినా లోపలే ఉన్నాను. బస్సు దిగేసరికి సాయంత్రపు కోతకు బాపు వనంలో ఉన్నాడు. నా కాళ్లు ఉరుకుదామంటున్నాయి. ఉరకలేను కదా. నడిచాను. ఎవరికీ అనుమానం రాకుండా, నవ్వు పెదవుల మీదికి రాకుండా, ఊరంతా మెల్లగా నడిచాను. ముందు అవ్వకే చెప్పాలని ఎవరు పలకరించినా తల ఊపి ఊరుకున్నాను.

అవ్వ గడపలో నిలబడి ఉంది. నా నడక చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, వెంటనే తీసేసింది. నేను నోరు తెరిచే లోపే నా చేతిలోని సంచి అందుకుంది.

"పోతె పోయింది తియ్ కొడుకా. నువ్వు చెట్టెక్కవు. నేను కూలికి పోత, నువ్వింక సదువుకో. మీ బాపుకు నేను చెప్త. ఎవలేమన్న పట్టిచ్చుకోకు. రా, లోపటికి రా."

పీట వేసింది. బాపు కోసం దాచిన కోడిగుడ్లు తీసి కూర చేసింది. పొయ్యి ముందు కూర్చుని ఊదుతూనే నాలో ఉన్న మంచిగుణాలన్నీ ఒక్కొక్కటే చెప్పింది. నాకు తెలియనివి కూడా ఉన్నాయి వాటిలో. నా చిన్నప్పటి సంగతులు, తన తమ్ముడు పడ్డ రోజు సంగతి, నన్ను కడుపులో పెట్టుకుని తను అనుకున్న సంగతులు. బతికి ఉన్నంత కాలం అవ్వ మళ్లీ నాతో అంతసేపు మాట్లాడలేదు. చెప్పాలి, చెప్పాలి అనుకుంటూనే ఉన్నాను. అన్నం మారు వడ్డించుకుని, గిన్నె ఊడ్చుకుని తిని, చేయి కడుక్కున్నాక చెప్పాను.